మెట్టు దిగే హక్కు

నేను వారానికోసారి వెళ్ళే ఇండియన్ గ్రోసరీలో బెండకాయల బుట్ట మీద ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. "దయచేసి కొసలు విరవకండి." లేతో ముదురో తెలియకుండా బెండకాయ ఎవరైనా ఎలా కొంటారని ఓసారి ఓనరుని అడిగాను. "విరిచి చూసి, కొనకుండా పోతున్నారు అంకుల్. నాకు లాస్ కదా" అన్నాడు. న్యాయమైన బాధే. కొట్టువాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ బాధ నాకు తెలియనిది కాదు. అయితే నేను ఉద్యోగమంతా మన జిల్లాలాంటి ఒక కౌంటీలో స్కూళ్ళకి సరుకులు కొనడంలో గడిపినవాణ్ణి కూడా. ఆ అట్టముక్క చూసినప్పుడల్లా నాకు ఇంకో కాగితం గుర్తొస్తుంది. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్న మీకు ఆ సంగతి చెబుదామనిపించింది. చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉందిలెండి. రిటైరయ్యాక నాకు బేరమాడటానికి మనుషులు దొరకడం లేదు. సెల్ఫ్ చెకౌట్ మెషిన్ ఎంతసేపు ఎదురుగా నిలబడినా ధర తగ్గించదు.

మాది కోస్తాలో ఒక మోస్తరు పట్నం. బజారులో మా నాన్నది బట్టల కొట్టు. వీధికంటే ఎత్తులో ఉండేది, మెట్లెక్కి రావాలి. లోపల పరుపులు, వాటిమీద తెల్లదుప్పట్లు. ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే చీరలు విప్పి ముందు గుట్ట పోసేవాళ్ళం. బేరం తెగకపోతే వాళ్ళు లేచి చెప్పులేసుకుని మెట్లు దిగేవారు. అసలు విద్యంతా అక్కడుండేది. బేరం తెలిసిన మనిషి గబగబా దిగదు. ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతూ చెవి మాత్రం కొట్లోనే వదిలేస్తుంది, వెనకనుంచి పిలుపు వస్తుందేమోనని. మా నాన్న ఆఖరి మెట్టు దాకా ఊరుకుని, అప్పుడు "రండమ్మా, రండి, బోణీ బేరం. మీ మాటా వద్దు, నా మాటా వద్దు" అని పిలిచేవాడు.

"బేరం నోట్లో ఉండదురా, కాళ్ళల్లో ఉంటుంది" అని నాకు చెప్పేవాడు. "లేచి పోగలిగినవాడికే ధర తగ్గుద్ది. వీడు పోలేడని తెలిసిందా, చిరుగున్న పంచైనా అంటగట్టొచ్చు."

ఆ విద్యతోనే ఈ అమెరికాలో బతికాను. సాఫ్ట్‌వేర్ అని వచ్చాను. ఆ సాఫ్ట్‌వేర్ నన్ను వదిలించుకుంటే, దక్షిణాది రాష్ట్రం ఒకదానిలో ఒక కౌంటీ స్కూళ్ళ కొనుగోలు విభాగంలో తేలాను. తెలుగువాళ్ళ పార్టీల్లో నా ఉద్యోగం సంగతి విని "గవర్నమెంటా?" అని కాస్త జాలిగా చూసి, పెరుగన్నం గిన్నె నా వైపు జరిపేవారు. కానీ వెండర్లలో నా మౌనానికి పేరుండేది. ఫోన్‌లో అవతలివాడు ధర చెప్పగానే నేనేమీ మాట్లాడేవాణ్ణి కాదు. ఆ నిశ్శబ్దంలో అతనికి నేను మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించేది. కాసేపటికి తనే తగ్గించేవాడు. మా డైరెక్టరు దాన్ని ఏదో ప్రాచ్య దేశపు ధ్యానం అనుకునేవాడు. నేనూ కాదనలేదు.

నా పక్క డెస్కు ఆవిడ ఆ నేల మీదే పుట్టి పెరిగిన మనిషి. మమ్మల్ని కలిపింది ఉడకబెట్టిన పల్లీలు. ఉప్పేసి ఉడికించిన పల్లీలు వాళ్ళ ఊళ్ళవాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ తినరని ఆవిడ నమ్మకం. మొదటిసారి నా ముందు పెట్టి, భయపడకు, బాగానే ఉంటాయి అని ధైర్యం చెప్పింది. నేను ఒక కాయ తీసుకుని, బొటనవేలితో నొక్కి, రసం జుర్రుకుని, గింజలు నోట్లో వేసుకున్నాను. ఆవిడ నన్ను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ తర్వాత మా ఇద్దరి డెస్కుల మధ్య అడ్డుగోడ మీద మధ్యాహ్నంపూట ఒక పల్లీల సంచి ఉండటం ఆనవాయితీ అయింది. మనవరాలి సంగతులు, మోకాళ్ళ సంగతులు, డైరెక్టరు నెక్‌టైల సంగతులు అన్నీ ఆ సంచి మీదుగానే నడిచేవి. నా భార్య పోయాక రోజు మొత్తంలో నాకు పంక్తిభోజనమంటూ ఉన్నది అదొక్కటే.

ఒక ఏడాది మా రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. ప్రభుత్వ కాంట్రాక్టు కావాలనుకునేవాళ్ళు తాము ఇజ్రాయెల్‌ని బాయ్‌కాట్ చేయడం లేదనీ, కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళూ చేయబోమనీ రాసివ్వాలి. ఇలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో వచ్చాయి. మా వరకూ దాని అర్థం కాంట్రాక్టు కట్టలో ఇంకో పేజీ చేరడం. తుడుపుకర్రలు అమ్మేవాడు, బస్సు టైర్లవాడు, క్లాసు గోడలకి రంగులేసేవాడు అందరూ చదవకుండా సంతకాలు పెట్టి పంపారు. నేనూ చదవకుండానే ఫైలు చేశాను. బెల్లం పొట్లం కట్టిన పేపరు ఎవరు చదువుతారు?

చదివినా నాకు అభ్యంతరం ఉండేది కాదు. కొట్టువాళ్ళ పిల్లలకి బంద్ అంటే పుట్టుకతోనే పడదు. జెండా పట్టుకొచ్చిన ప్రతివాడూ మా చేత షట్టర్ దింపించేవాడు. దింపడం ఆలస్యమైతే రాయి పడేది. కొనొద్దు, అమ్మొద్దు అనేవాళ్ళ నోరు ఒక చట్టం మూయిస్తోందంటే మంచిదే అనుకున్నాను. పక్క డెస్కు ఆవిడకి ఆ విషయంలో నాకంటే లోతైన కారణముంది. వాళ్ళ చర్చిలో ఆ చట్టం కోసం ప్రార్థనలు చేశారట. "అప్పట్లో జర్మనీలో యూదుల దుకాణాల ముందు నిలబడి కొనొద్దన్నవాళ్ళే తర్వాత ఆ దుకాణాల అద్దాలు పగలగొట్టారు. ఆ తర్వాత మనుషుల దాకా వెళ్ళారు" అంది ఒకరోజు, పల్లీ వలవడం ఆపేసి. ఆ మాటలో అబద్ధం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఆ పేజీ ఒక్క కట్టలో మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది. అది మా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ది.

ఆవిడ సంగతి చెప్పాలి. మా కౌంటీలో తెలుగు కుటుంబాలు పెరిగాయి. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు, ఇంగ్లీషు అంతగా రాని తల్లులు స్కూలు మీటింగులకి రావాల్సి వచ్చేది. పిల్లాడికి మాట రావడం లేదనో, చదువు ఎక్కడం లేదనో స్కూలువాళ్ళు చెబుతుంటే తెలుగులో చెప్పేది ఈవిడే. తెలంగాణ తాతకి తెలంగాణలో, ఒంగోలు అమ్మమ్మకి ఒంగోలులో చెప్పేది. ఒకసారి బిల్లు పని మీద వెళ్ళి ఒక మీటింగ్‌లో కూర్చున్నాను. పిల్లాణ్ణి పరీక్షించిన డాక్టరు కఠినమైన మాట ఒకటి అంది. ఈవిడ దాన్ని తీపి చేయలేదు, కారం చేయలేదు. చెప్పేసి, ఆ తల్లికి ఏడవడానికి కాస్త టైమిచ్చి, ఆ తర్వాతే డాక్టరు వైపు తిరిగింది. స్కూళ్ళ పని తప్ప ఆవిడకి వేరే సంపాదన లేదు. ఇంటి వాయిదాలు అందులోంచే వెళ్ళేవి. అంతకుమించి, ఆ పని ఆవిడకి ప్రాణం. అది చూసినవాళ్ళకి తెలుస్తుంది. సంతకం లేకపోతే ఆ పని పోతుంది.

ఫోన్‌లో తేలే వ్యవహారం కాదనిపించి, ఆవిడ మీటింగ్ ఉన్న స్కూలుకే వెళ్ళాను. లైబ్రరీలో కూర్చున్నాం. ఒకటో తరగతి పిల్లల కుర్చీలు. నా మోకాళ్ళు నా గడ్డానికి తగులుతున్నాయి. ఎదుటివాణ్ణి తక్కువ ఎత్తులో కూర్చోబెట్టాలని బేరగాళ్ళకి ఒక సూత్రముంది. ఆ రోజు ఇద్దరం సమానంగా నష్టపోయాం.

"మీరేమన్నా బాయ్‌కాట్ చేస్తున్నారా అమ్మా?" అన్నాను గొంతు తగ్గించి, ఏదో జబ్బు గురించి వాకబు చేస్తున్నట్టు.

ఆవిడ నవ్వింది. "మా తెలుగు చర్చివాళ్ళతో ఇజ్రాయెల్‌కి హోలీ ల్యాండ్ టూర్ వెళ్ళొచ్చానండి అన్నగారూ. యొర్దాను నది నీళ్ళు ఫ్రిజ్‌లో ఉన్నాయి. అక్కడి ఖర్జూరాలంటే మా పిల్లలు పడిచస్తారు. నేనెందుకు చేస్తాను?"

"ఇంకేం మరి? ఉన్న నిజమే రాసివ్వమంటున్నారు. పెట్టెయ్యండి సంతకం."

"ఇవాళ కొంటున్నాను. రేపు కూడా మానను అని రాసివ్వమంటున్నారు. రేపు ఏ వార్త చూస్తానో, నా మనసెలా తిరుగుద్దో నాకే తెలీదు. అది కౌంటీకెందుకు చెప్పండి?"

"చూసేవాడెవడమ్మా? మీ వంటింట్లోకొచ్చి ఖర్జూరాల డబ్బా వెతుకుతారా?"

"వెతకరనేగా అందరూ పెట్టేస్తున్నారు" అంది.

ధర దిగడం లేదు. సరే, నా దగ్గర ఇంకో సరుకుంది. పెద్ద ట్రాన్స్‌లేషన్ ఏజెన్సీ ఒకటి అప్పటికే ఆ పేజీ మీద సంతకం పెట్టేసింది. ఈవిడ వాళ్ళ కింద పేరు రాయించుకుంటే చాలు. అవే స్కూళ్ళు, అవే మీటింగులు. సంతకం వాళ్ళది, పని ఈవిడది. మధ్యలో వాళ్ళు కాస్త కమిషన్ మినహాయించుకుంటారు, అంతే. నా తెలివికి నేనే మురిసిపోతూ, ఆవిడకి నమ్మకం కలగడానికి మా నాన్న కథ ఒకటి జోడించాను. ఆ కథ నేను అంతకుముందు చాలామందికి చెప్పాను. అందరూ నవ్వారు.

ఒకప్పుడు మా పట్నానికి దగ్గర్లో ఒక ఊళ్ళో రైతులకీ, మాలపల్లెకీ కూలి దగ్గర తగువొచ్చింది. ఆ పల్లెవాళ్ళకి ఎవరూ ఏమీ అమ్మకూడదని బజారు మొత్తానికి కబురొచ్చింది. కాదంటే ఆ రైతులు మా కొట్లు ఎక్కరు. మా నాన్న ఇద్దర్నీ పోగొట్టుకునే రకం కాదు. ముందు గుమ్మంలో వాళ్ళని రానివ్వలేదు. దొడ్డి గుమ్మం తెరిచిపెట్టాడు. అక్కడ ప్రతి గుడ్డా ఒక రూపాయి ఎక్కువ. "ధైర్యానికి ఆ రూపాయి" అనేవాడు. "చూశారా అమ్మా, దేనికైనా ఇంకో దారి ఉంటుంది" అని ముగించాను.

ఆవిడ నవ్వలేదు. ఒళ్ళో ఉన్న తాళాల గుత్తిని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పింది.

"మీదే ఊరన్నారు?" అని అడిగింది. చెప్పాను.

"మా నానమ్మ పెళ్ళిచీర అక్కడే కొన్నారు" అంది. "మీ కొట్టో, మీ పక్క కొట్టో నాకు తెలీదు. దొడ్డి గుమ్మంలోంచే కొన్నారు. మా నానమ్మకి పసుపు రంగు చీర కావాలంట. చీరలు విప్పి చూపించలేదంట. ఒకటి చుట్టి చేతికిచ్చి పొమ్మన్నారంట. ఇంటికెళ్ళి విప్పితే ఆకుపచ్చ. అదే కట్టుకుని పెళ్ళి చేసుకుంది."

నేనేమీ అనలేదు. అది నా పేరున్న మౌనం కాదు.

"దొడ్డి గుమ్మం కాడ బేరం ఉండదు అన్నగారూ. ఇచ్చిందే తీసుకోవాలి. నాకొద్దు అని తిరిగి రావడానికి లేదు. మీరు చెప్పే ఏజెన్సీ అదేగా?"

"మరి ఆ తగువు ఏమైంది?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మావాళ్ళు నాట్లకి వెళ్ళడం మానేశారు. వాళ్ళ చేతిలో ఉన్నది అదొక్కటే. పైనున్నోళ్ళు మాకు అమ్మలేదు, మేం వాళ్ళ మళ్ళోకి దిగలేదు. రెంటినీ బాయ్‌కాటే అంటారు, అనుకోండి. మా పల్లెకి తిరిగి ముందు గుమ్మం తెరిపించింది మాత్రం ఆ మానేయడమే. ఇప్పుడు నేనొచ్చి, దేన్నన్నా మానేసే హక్కు నాకొద్దు అని కాగితం మీద రాసిస్తే, మా నానమ్మ మొహం ఎట్టా చూడను?"

నానమ్మ పోయి చాలా ఏళ్ళయిందని తర్వాత తెలిసింది. కుర్చీలోంచి లేవడానికి ఆవిడే నాకు చెయ్యందించింది.

బేరగాడికి ఓటమి ఒకసారి చెబితే వినపడదు. మరునాడు కౌంటీ లాయరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ పేజీలో "చేయబోను" అన్న వాక్యం కొట్టేసి, "చేయడం లేదు" అన్నది మాత్రం ఉంచితే ఎలా ఉంటుందని అడిగాను. చట్టం ఒప్పుకోదన్నాడు. మనం ఆవిడ అభిప్రాయాన్ని అడ్డుకోవడం లేదనీ, ఏ సభలోనైనా ఏమైనా మాట్లాడుకోవచ్చనీ, కొనుగోలు మాత్రం మాట కాదు, వ్యాపారమనీ వివరించాడు. నేను వ్యాపారంలో పుట్టినవాణ్ణి. కొనకుండా వెళ్ళిపోయిన మనిషి ఎన్ని మాటలు చెప్పి వెళ్ళినట్టో మా నాన్నని అడిగితే చెప్పేవాడు. కొన్ని కోర్టులు ఇటు, కొన్ని కోర్టులు అటు చెబుతున్నాయని కూడా ఆ లాయరే చెప్పాడు. తన మనసు ఎటుందో అడిగితే, కళ్ళజోడు తుడుచుకుని, ఆ పేజీ తీసేసే అధికారం తనకి లేదన్నాడు.

స్కూళ్ళ బోర్డు సమావేశం రోజు వచ్చింది. కాంట్రాక్టుల జాబితా ఆ సాయంత్రమే ఖరారు కావాలి. జాబితాలో ఈవిడ పేరున్నచోట ఏజెన్సీ పేరు నేనే టైపు చేశాను. పెళ్ళిళ్ళకి తప్ప బయటికి తీయని సూటు వేసుకుని, అడిగితే సమాధానం చెప్పాల్సిన సిబ్బంది కూర్చునే వరసలో కూర్చున్నాను. పక్కన నా పల్లీల నేస్తం. ఎజెండాలో ఆవిడది కేఫెటేరియా ఫ్రిజ్‌ల కొనుగోలు ఐటెమ్.

ఊరివాళ్ళు మాట్లాడటానికి ఒక మైకు ఉండేది. దాని ముందు చిన్న దీపం, టైమున్నంతసేపు ఆకుపచ్చ, అయిపోతే ఎరుపు. మా ఇంటర్‌ప్రెటర్ వచ్చి మైకు ముందు నిలబడింది. రోజూ ఇంకొకరి మాట చెప్పే మనిషి, ఆ రోజు తన మాట చెప్పడానికి కాస్త తడబడింది. తాను ఎవరినీ బాయ్‌కాట్ చేయడం లేదని చెప్పింది. సంతకం ఎందుకు పెట్టనో చెప్పింది. నానమ్మ సంగతి చెప్పలేదు. అది ఆ గదికి ఇవ్వాల్సిన సరుకు కాదనుకుని ఉంటుంది. బోర్డు చైర్మన్ మంచి మనిషి. చేయనప్పుడు, చేయనని రాసివ్వడంలో మీకు నష్టమేమిటమ్మా అని నిజంగానే తెలియక అడిగాడు. ఆవిడ జవాబు మొదలుపెట్టింది. దీపం ఎర్రబడింది. ఆవిడ మధ్యలోనే ఆపేసి, థాంక్యూ చెప్పి వెళ్ళి కూర్చుంది. ఇంకొకరి టైము తినకూడదనే వృత్తి అలవాటు.

జాబితా మీద సిబ్బంది చెప్పేదేమైనా ఉందా అని చైర్మన్ మామూలుగా అడిగాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ చెప్పరు. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానని అడిగితే ఇప్పటికీ సరైన సమాధానం లేదు. పిల్లల కుర్చీలోంచి నన్ను లేపిన చెయ్యి గుర్తొచ్చిందేమో.

నా ఇంగ్లీషులో నేను చెప్పింది ఇంతే. "ఇన్నేళ్ళుగా ఈ కౌంటీకి నేను మిగిల్చిందంతా, లేచి వెళ్ళిపోగలను కాబట్టి మిగిల్చాను. వెళ్ళిపోనని ముందే రాసిచ్చి ఉంటే, మీ స్కూళ్ళలో ఒక్క బల్ల కూడా సరైన ధరకి వచ్చేది కాదు. ఈవిడ వెళ్ళిపోవడం లేదు. వెళ్ళిపోగలగడాన్ని మాత్రం మనకి అమ్మనంటోంది. మీ కోసం నేను చాలా సరుకులు కొన్నాను. ఇది మనం కొనకూడని సరుకు."

ఒక సభ్యుడు నవ్వాడు, ఏదో జోకనుకుని. చైర్మన్ థాంక్యూ అన్నాడు. మా డైరెక్టరు తన బూట్ల వైపు చూసుకున్నాడు. చేతులెత్తారు. జాబితా ఉన్నది ఉన్నట్టు పాసైంది. తర్వాత ఫ్రిజ్‌ల ఐటెమ్.

మా ఇంటర్‌ప్రెటర్ బ్యాగు భుజాన వేసుకుని లేచింది. తలుపు దాకా ఆవిడ నడక చూశాను. జీవితమంతా వెళ్ళిపోయేవాళ్ళ నడకలు చూసినవాణ్ణి. అది పిలుపు కోసం ఆగే నడక కాదు. నిజంగా వెళ్ళిపోయే మనిషి ఎలా వెళుతుందో అప్పుడే మొదటిసారి చూశాననుకుంటాను. సమావేశం అయ్యాక నేను కౌంటీ భవనం ముందు మెట్లు దిగాను. డైరెక్టరు, లాయరు, పక్క డెస్కు ఆవిడ అందరూ వెనకే గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేను చాలా నెమ్మదిగా దిగాను. ఎవరూ పిలవలేదు.

మర్నాడు పల్లీల సంచి రాలేదు.

"నువ్వు ఆ బాయ్‌కాట్‌వాళ్ళ వైపు నిలబడతావనుకోలేదు" అంది ఆవిడ, స్క్రీన్ మీదనుంచి చూపు తిప్పకుండా.

"నేను ఏ దేశం వైపూ నిలబడలేదు. ఒక ఇంటర్‌ప్రెటర్ వైపు నిలబడ్డాను" అన్నాను.

"అదే నేనంటున్నదీ."

తర్వాత ఆవిడ నాతో చెడుగా ప్రవర్తించిందని అనను. గుడ్ మార్నింగ్ చెప్పేది. పోస్ట్‌మ్యాన్‌కి చెప్పే గుడ్ మార్నింగ్. భోజనానికి వేరే టేబుల్ చూసుకుంది, ఆవిడ వెంటే మిగతావాళ్ళూ. కొన్నాళ్ళు చూసి, ఒకరోజు నేనే ఇంట్లో పల్లీలు ఉడకబెట్టి, వేడివేడిగా తీసుకెళ్ళి అడ్డుగోడ మీద పెట్టాను. బేరంలో ఒక మెట్టు దిగానన్నమాట. సాయంత్రానికి అవి చల్లారిపోయి, పెట్టినచోటే ఉన్నాయి. ఇంటికి తెచ్చుకుని టీవీ ముందు తిన్నాను. ఉప్పు ఎక్కువైంది.

మనవాళ్ళ సంగతీ చెప్పాలి. శనివారాలు పేకాట ఆడుకునే బృందం ఒకటుండేది మాకు. సమావేశం వీడియో ఎవరో వాట్సాప్‌లో పెట్టారు. ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎందుకన్నా మనకీ లొల్లి? గ్రూపుల సగం మందికి గ్రీన్ కార్డు పెండింగ్ ఉన్నది. నీకేంది, సిటిజన్‌వి" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. ఆ వారం ఆట లేదన్నారు. పై వారం కూడా లేదన్నారు. ఒక శనివారం పాలకోసం వెళుతూ ఆ వీధిలోంచి డ్రైవ్ చేశాను. వాకిట్లో అన్ని కార్లూ ఉన్నాయి. నేను పాలు కొనుక్కుని ఇంకో దారిన ఇంటికొచ్చాను.

చాలాకాలం కోపంతో ఉన్నాను. ఇంతమంది కలిసి ఒక మనిషిని వెలివేస్తుంటే దీనికి చట్టం లేదా అనుకునేవాణ్ణి. తర్వాత ఒకరోజు కారులో ఒంటరిగా సాండ్‌విచ్ తింటుంటే నవ్వొచ్చింది. లేదు. ఉండకూడదని బోర్డు ముందు సూటేసుకుని నిలబడి చెప్పింది నేనే. పక్క డెస్కు ఆవిడకి నా పల్లీలు తినకుండా ఉండే హక్కుంది. పేకాటవాళ్ళకి నన్ను పిలవకుండా ఉండే హక్కుంది. ఇకముందు కూడా నీ పల్లీలు తింటానని ఆవిడ చేత రాయించుకుని ఉంటే, ఆ తిండి నాకు సయించేదా? అంతా సక్రమంగానే ఉంది. సరుకు నాకు నచ్చి నేనే కొన్నాను. ధర మాత్రం ఇంత ఉంటుందని బేరగాణ్ణై ఉండి కూడా ముందు అడగలేదు.

ఇక ఏజెన్సీ సంగతి. మొదటి మీటింగ్‌కి వాళ్ళు ఫోన్‌లో ఇచ్చిన ఇంటర్‌ప్రెటర్‌కి తమిళం వచ్చు. ఆయన తప్పు లేదు. ఎవరో మ్యాపు చూసి పక్కపక్కనే ఉన్నాయి కదా అనుకున్నారు. ఒక ఒంగోలు అమ్మమ్మ ఆ ఫోన్ వైపు కాసేపు చూసి, "ఆ అమ్మాయి ఏదీ?" అని అడిగిందట. ఆ ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చేవాళ్ళు ఆ గదిలో లేరు.

కొంతకాలానికి చట్టాన్ని సవరించారు. వేరే చోట్ల కేసులు పడ్డాయి, అందుకని చిన్న కాంట్రాక్టులకీ, ఒంటరిగా పనిచేసుకునేవాళ్ళకీ ఆ పేజీ అక్కర్లేదన్నారు. పెద్దవాళ్ళకి ఇంకా ఉంది. సూత్రం కదలలేదు, అంచు మాత్రం కాస్త కత్తిరించారు. అయినా నేను పరుగెత్తుకెళ్ళి ఫోన్ తీశాను. ఆవిడ అప్పటికి ఆస్పత్రులకి ఫోన్‌లో ఇంటర్‌ప్రెట్ చేస్తోంది.

"పేజీ తీసేశారమ్మా మీకు. వచ్చెయ్యండి. కావాలంటే రేటు కూడా కాస్త చూస్తాను" అన్నాను. ఒక కొనుగోలుదారు తనంతట తాను రేటు పెంచుతాననడం నా ఉద్యోగంలో అదే మొదలు.

"విన్నానండి అన్నగారూ. సంతోషం. కానీ రాను."

"ఎందుకని?"

"కారణం చెప్పాలా?"

నా ఆఖరి ఆయుధం తీశాను. మాట్లాడటం మానేశాను. అవతల కూడా నిశ్శబ్దం. టైర్లవాళ్ళనీ బల్లలవాళ్ళనీ కరిగించిన నిశ్శబ్దం అది. ఆవిడ దాంట్లో తీరిగ్గా కూర్చుంది. ఎవరో పిల్లలు వెనకాల ఇంగ్లీషులో ఏదో అడిగితే, ఖర్జూరాలు పైన అలమారలో ఉన్నాయని చెప్పింది. చివరికి నేనే గొంతు సర్దుకున్నాను.

"కారణం అక్కర్లేదమ్మా" అన్నాను.

"మీరు బాగున్నారా అన్నగారూ?" అని అడిగింది అప్పుడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులుగా ఎవరూ అడగలేదు. బాగున్నానని చెప్పాను. ఇంకేమైనా అడుగుతుందేమోనని ఫోన్ కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను. ఉంటానండి అని ఆవిడ పెట్టేసింది. వేల బేరాలు చేసినవాణ్ణి. ఓడిపోయి కూడా కడుపు నిండినట్టు అనిపించిన బేరం అదొక్కటే.

నా రిటైర్మెంట్ రోజు బ్రేక్‌రూములో కేకు కోశారు. డైరెక్టరు నా ధ్యానం గురించి రెండు మాటలు చెప్పాడు. పక్క డెస్కు ఆవిడకి ఆ రోజు ఏదో పనుందట. ఒక ముక్క కాగితం ప్లేటులో పెట్టి ఆవిడ డెస్కు మీద ఉంచాను. అది తిందో, పారేసిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా నాకు లేదు. పెట్టెలో నా కప్పు, నా కాలిక్యులేటర్, నా భార్య ఫొటో సర్దుకుని బయటికొచ్చాను.

మీలో ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి పేజీ ఎదురవుతుంది. ఇదే దేశం పేరు ఉండకపోవచ్చు, ఇంకేదో ఉంటుంది. సంతకం పెట్టమనో వద్దనో నేను చెప్పను. చదవండి. ఆ పేజీ మీ చేత కొనిపిస్తున్నది ఏమిటో చూసుకోండి. ధర మాత్రం నన్ను చూసైనా ముందే అడగండి.

బెండకాయలు ఈమధ్య ముదురువే వస్తున్నాయి. విరవకుండానే తెలిసిపోతుంది. నేను ఏమీ కొనకుండా బయటికి నడుస్తాను. ఆ కొట్టు ముందు కూడా మెట్లున్నాయి. వాటిని నేను చాలా నెమ్మదిగా దిగుతాను. ఎందుకని అడిగినవాళ్ళకి మోకాళ్ళ నొప్పులంటాను. అడిగేవాళ్ళు పెద్దగా లేరనుకోండి.